కొత్త బొమ్మకు ఇద్దరి పేర్లూ ఉండాలి

భుజాన సంచీ, చేతిలో బొమ్మలు గీసుకునే పుస్తకంతో డిజైన్ విద్యార్థులు వృత్తి గ్రామాలకు రావడం కొత్త విషయమేమీ కాదు. అహ్మదాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ వంటి చోట్ల గ్రామాలకు వెళ్లి చేతివృత్తులను పరిశీలించడం చదువులో ఒక భాగం. 2015లో మన రాష్ట్రంలోనూ అటువంటి సంస్థ మొదలైంది. ఈ రాకపోకలు ఇంకా పెరగవలసిందే. కాని విద్యార్థులు బస్సెక్కి వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేదేమిటన్నది ఆలోచించవలసిన విషయం.

మన జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకనే తీసుకుందాం. ఆరిన అంకుడు కర్రను లేత్ మిషనుకు బిగించి ఉలితో రూపు తెస్తారు. రంగు కలిపిన లక్కను తిరుగుతున్న కర్రకు ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు నుంచి, జాఫ్రా గింజల నుంచి, నీలిమందు నుంచి రంగులు తీస్తారు. పసిపిల్లలు ఆడుకునే లక్కపిడతల దగ్గర నుంచి కుంకుమ భరిణెల దాకా ఇలా తయారయ్యేవే. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చేందుకు పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. కొత్త ఆలోచన ఊళ్లోనే నిలిచి పదిమంది చేతుల్లో పడితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

విద్యార్థికి పట్నంలో కొనేవారి అభిరుచి తెలుసు. ఏ వస్తువు ఏ దుకాణంలో నిలబడుతుందో తెలుసు. కాని తిరిగే కర్ర మీద గుండ్రని రూపమే తేలికగా వస్తుందని, పచ్చి కర్ర తర్వాత పగుళ్లిస్తుందని, పొగలు కక్కే కాఫీ పోసే గిన్నెకు లోపల లక్క పూత పనికిరాదని చెప్పగలిగేది వృత్తిదారే. కాగితం మీది గీతను పదిసార్లు సరిదిద్దితే గాని బొమ్మ కాదు. అలా తయారైన వస్తువు ఒక్కరిది ఎలా అవుతుంది?

వృత్తి గ్రామాలలో వినిపించే బాధ ఇక్కడే ఉంది. విద్యార్థికి పని చూపించిన రోజున వృత్తిదారుకు సొంత పని సాగదు. ఆ రోజు కూలి మాట ఎవరూ ఎత్తరు. చేసిన నమూనా సంచీలో పెట్టుకుని వెళతారు. ప్రదర్శనలో విద్యార్థి పేరు, కళాశాల పేరు కనిపిస్తాయి. చేసినవాడి పేరు చోట "స్థానిక కళాకారుడు" అన్న రెండు మాటలు మిగులుతాయి. ఇది ఎవరో కావాలని చేసిన మోసం అనలేము. ముందుగా మాట్లాడుకోకపోవడమే అసలు లోపం.

చట్టం సంగతి కూడా వృత్తిదారులు తెలుసుకోవాలి. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుందే గాని, కొత్తగా తీర్చిన ఒక్కొక్క రూపాన్ని కాపాడదు. అందుకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద వేరే నమోదు కావాలి. ఆ హక్కు పదేళ్లు ఉంటుంది, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. అయితే వస్తువును పదిమందికీ చూపించకముందే దరఖాస్తు చేయాలి. ప్రదర్శనలు ముగిశాక మేలుకుంటే లాభం లేదు.

కనుక విద్యార్థులను పంపే సంస్థలు కొన్ని పద్ధతులు పాటించాలి. పని నేర్పిన రోజులకు కూలి కట్టివ్వాలి. షరతులన్నీ తెలుగులో కాగితం మీద రాసి, ఊరి పెద్దల ఎదుట చదివి వినిపించాలి. నమూనాలు రెండు చేయించి ఒకటి ఊళ్లోనే ఉంచాలి. నమోదు దరఖాస్తులోను, ప్రదర్శనలోను ఇద్దరి పేర్లూ పెట్టాలి. కర్ర, లక్క, రంగు, కూలి కలిపి వస్తువు ఎంతకు అమ్మితే గిట్టుతుందో లెక్క వేసి ఇవ్వడం కూడా విద్యార్థి చదువులో భాగం కావాలి. గిట్టుబాటు కాని అందం వృత్తిదారు ఇంట్లో పొయ్యి వెలిగించదు.

వృత్తిదారులకూ ఒక మాట. "మా తాతలు ఇలాగే చేశారు" అని కొత్త గీతను చూడకుండానే తోసిపుచ్చడం తగదు. ఒప్పుకున్న గడువుకు సరుకు అందించకపోతే వచ్చిన బేరం మళ్లీ రాదు. అటవీ అధికారులు కూడా అంకుడు మొక్కల పెంపకంపై శ్రద్ధ చూపాలి. కర్రే దొరకని నాడు ఎంత మంచి గీతైనా కాగితం దాటదు.

చదువుకున్న పిల్లలు ఊరికి రావడం మంచిదే. వచ్చినవారు అతిథుల్లా వెళ్లిపోక, పనిలో భాగస్వాములుగా నిలవాలి. భాగస్వామ్యమంటే లాభంలోనే కాదు, పేరులోనూ వాటా ఉండాలి.