ప్రేక్షకులు ఒప్పుకోరట!

మార్చి 8 దగ్గర పడుతోందంటే మన ఆఫీసుల్లో 'తొలి మహిళ'ల జాబితాలు తయారవుతాయి. తొలి వైద్యురాలు, తొలి పైలట్, తొలి న్యాయమూర్తి. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక ఫొటో. ఈ వరసలో జమైకా జర్నలిస్టు బార్బరా బ్లేక్ హానా పేరు కూడా చేర్చుదామని ఒక మిత్రురాలు అడిగింది. చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. ఆమె కథను శాలువాతో ముగించడానికే నా అభ్యంతరమంతా.

బార్బరా 1941లో పుట్టింది. తండ్రి ఇవాన్ బ్లేక్ పత్రిక నడిపినవాడు. 1948లో కింగ్‌స్టన్‌లో తెల్లవాళ్ళకే పరిమితమైన ఒక హోటల్ ఈతకొలనులోకి దూకి వర్ణవివక్షను బాహాటంగా ధిక్కరించాడు. కూతురు కూడా జర్నలిజంలోకే వచ్చి, 1964లో ఇంగ్లండు చేరింది. 1968లో థేమ్స్ టెలివిజన్ వారి 'టుడే' కార్యక్రమంలో రిపోర్టరుగా తెరమీదకి వచ్చింది. బ్రిటిష్ టెలివిజన్‌లో మొదటి నల్లజాతి రిపోర్టరుగా ఆమె పేరే చెబుతారు.

ఆ సంవత్సరాన్ని గమనించాలి. ఏప్రిల్‌లో ఈనాక్ పవెల్ బర్మింగ్‌హామ్‌లో వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కాడు. అక్టోబరులో, ఉద్యోగాల్లోనూ ఇళ్ళ విషయంలోనూ జాతివివక్ష చెల్లదని పార్లమెంటు చట్టం చేసింది. అయినా తొమ్మిది నెలలకే బార్బరా పని పోయింది. కాంట్రాక్టు కొనసాగించలేదు. ఆమెను తెరమీంచి తీసెయ్యమని ప్రేక్షకులు రోజూ ఫోన్లు చేస్తున్నారనీ, ఆ ఒత్తిడి తట్టుకోలేకపోతున్నామనీ తనతో అన్నట్టు ఆమే తర్వాత చెప్పింది.

ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లో ఎ.టి.వి.లో చేరింది. ఆ ఊళ్ళో ఏ హోటలూ ఆమెకు గది ఇవ్వలేదు. రోజూ లండన్ నుంచి వచ్చి పోయేది. తర్వాత కొంతకాలం బి.బి.సి.లో పనిచేసి, 1972లో జమైకాకి తిరిగి వెళ్ళిపోయింది. అక్కడ పుస్తకాలు రాసింది, సినిమాలు తీసింది. రస్తఫారీ విశ్వాసాన్ని దాచుకోకుండా 1984 నుంచి 1987 దాకా స్వతంత్ర సెనేటరుగా పనిచేసింది.

ఇది చదివి ఫోన్లు చేసినవాళ్ళని తిట్టుకోవడం సులభం. కానీ ఫోను చేసినవాడి చేతిలో ఆమె కాంట్రాక్టు లేదు. అది యాజమాన్యం చేతిలో ఉంది. నాలుగు ఫోన్లు ఎత్తి 'ఆమె ఇక్కడే పనిచేస్తుంది' అని చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు. యాజమాన్యం ఆ మాట చెప్పలేదు. జనంలో ఉన్న దురభిమానానికి ఒక సంస్థ తలవంచిన క్షణం నుంచీ అది ఆ సంస్థ విధానమే. 'మాకేం లేదు, వాళ్ళే ఒప్పుకోరు' అనే మాట వెనక అధికారం హాయిగా దాక్కుంటుంది.

ఈ మాట నాకు కొత్తది కాదు. నేనూ అన్నాను. పన్నెండేళ్ళ క్రితం ఒక సర్వే బృందానికి నేను బాధ్యురాలిని. పై కులాల వీధికి ఇంటర్వ్యూలకు వెళ్ళవలసిన జట్టులోంచి ఒక దళిత అమ్మాయి పేరు తీసేశాను. 'వాళ్ళు లోపలికి రానివ్వరు, సమాచారం దెబ్బతింటుంది' అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. మిగతావాళ్ళు తెచ్చిన ఫారాలు సరిచూస్తూ ఆఫీసులో కూర్చుంది. నేను కులం పాటించానని ఆ రోజు అనుకోలేదు. సర్వే సక్రమంగా జరగాలనే అనుకున్నాను. థేమ్స్ వాళ్ళు కూడా కార్యక్రమం సక్రమంగా నడవాలనే అనుకుని ఉంటారు!

'ఊళ్ళో ఒప్పుకోరు' అంటూ దళిత స్త్రీని వంటకి పెట్టుకోని బడులను మనం విమర్శిస్తాం. మరి మన సంస్థల్లో కో-ఆర్డినేటర్లుగా ఎవరున్నారు? నిధులిచ్చేవాళ్ళ ముందు మాట్లాడడానికి ఎవరిని పంపుతున్నాం? ఎవరి యాస, ఎవరి రంగు, ఎవరి ఇంటిపేరు 'ఇబ్బంది' అనుకుంటున్నాం?

1973లో ఐ.టి.ఎన్.లో చేరిన ట్రినిడాడ్ జర్నలిస్టు ట్రెవర్ మెక్‌డొనాల్డ్‌నే మొదటివాడని చాలామంది చాలా ఏళ్ళు నమ్మారు. అది ఆయన తప్పు కాదు. తొమ్మిది నెలల్లో పంపేసిన స్త్రీని గుర్తుంచుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదంతే. 2020లో బ్రిటిష్ పత్రికారంగం ఆమె పేరుతో ఒక అవార్డు పెట్టింది. సంతోషమే. కానీ అవార్డు పోయిన ఉద్యోగాన్ని తిరిగి తేదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఈసారి మనం వేసే ప్రతి 'తొలి మహిళ' పోస్టరు కింద మూడు ప్రశ్నలు రాద్దాం. అంతవరకూ తలుపు మూసి ఉంచింది ఎవరు? ఆమెను ఎన్నాళ్ళు ఉండనిచ్చారు? రెండో ఆమె ఎప్పుడు వచ్చింది? జవాబులు దొరికాకే శాలువా కొందాం.