పుట్టింటికి పోనిచ్చే మొక్క

ఆడవాళ్ళకు మొక్కలంటే ప్రాణం అని ఎవరైనా అంటే నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే. వాటికి నీళ్ళు మోసేదెవరు? కొనుక్కొచ్చేది ఆయన, ఫోటోలు తీసేది పిల్లలు, ‘మీ ఇంటి ముందు భలే పచ్చగా ఉందే’ అని మెచ్చుకునేది చుట్టాలు. బిందె మాత్రం మన నడుము మీదే.

మాది ఆత్మకూరు. పెన్న మీద సోమశిల జలాశయం మాకు దగ్గరే గానీ, మా పెరటి బోరు ఏప్రిల్ వచ్చేసరికి రొప్పడం మొదలుపెడుతుంది. నా పుట్టిల్లు ఉదయగిరి, దుర్గం కొండ దిగువన. అక్కడ అమ్మ ఒక్కతే ఉంటుంది. వేసవిలో పది రోజులు ఉండి వస్తానంటే, ‘మరి మొక్కలో?’ అనే మాటే ముందు వినపడేది. వంట ఎవరు చేస్తారని కూడా అడగరు, హోటళ్ళున్నాయిగా. గులాబీలకు మాత్రం నేనే కావాలి. నవ్వొచ్చే మాటే. కానీ ఆ మాట మీద రెండు వేసవులు మూడో రోజే బస్సెక్కి వెనక్కి వచ్చాను.

తర్వాతి ఏడు కడియం మొక్కల వ్యాను మా వీధికి వచ్చినప్పుడు గులాబీల జోలికి పోలేదు. మోకాలెత్తు దాటని పొట్టి యుక్కాలు నాలుగు తీసుకున్నాను. కత్తుల్లా నిక్కబొడుచుకున్న ఆకులు. చూడగానే మన పొలం గట్ల మీది కిత్తనార గుర్తొస్తుంది. రెండూ ఒకే కుటుంబం. మెక్సికో, అమెరికా ఎండల్లో పుట్టిన జాతులు. కాకపోతే కిత్తనార ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. యుక్కా పూసినా దుబ్బు నిలిచే ఉంటుంది, పక్కన పిలకలు పెడుతుంది.

దీన్ని చంపేది ఎండ కాదు, మన ప్రేమ. రోజూ చెంబెడు పోస్తే వేరు కుళ్ళి, నడి మొవ్వు చేత్తో లాగగానే ఊడి వస్తుంది. మన నెల్లూరు వైపు వానల జోరంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి మే నెల గురించి దిగులు వద్దు, నవంబరు గురించి జాగ్రత్తపడండి. నేను జానెడు మెరక కట్టి, ఎర్రమట్టిలో సగానికి సగం ఇసుక, చిన్న గులకరాళ్ళు కలిపి నాటాను. కుండీలో అయితే కింద పళ్ళెం పెట్టొద్దు. మొదటి వేసవి వారానికొకసారి నీళ్ళు, వేరు పట్టాక మట్టి బాగా ఎండినప్పుడే. వానాకాలంలో అసలు వద్దు. ఎండ మాత్రం రోజంతా తగలాలి.

మా అత్త చూసిన రోజే అంది, ‘ముళ్ళ చెట్టు వాకిట్లో ఉంటే ఇంట్లో పోట్లాటలే అమ్మాయ్’ అని. పోట్లాటల సంగతి నేను నమ్మను. మా ఇంట్లో వచ్చిన పోట్లాటలన్నీ నీళ్ళ దగ్గర వచ్చినవే. కానీ ఆ మాటలో సగం నిజముంది. ఆకు కొన సూదిలా ఉంటుంది, సరిగ్గా రెండేళ్ళ బిడ్డ కంటి ఎత్తులో. పాకే పిల్లలు, పరిగెత్తే పిల్లలు ఉన్న ఇంట్లో వాకిలి పక్కన పెట్టమని నేను చచ్చినా చెప్పను. మావి ప్రహరీ వెంట, ఎవరూ నడవని చోట ఉన్నాయి. అయినా కొనలు గోళ్ళ కత్తెరతో కొద్దిగా తుంచుతాను, ఆకు ఏమీ చెడదు. కుక్కలు, పిల్లులు నమిలితే వాంతులవుతాయి, అదీ చూసుకోండి.

పూజకు పూలెట్లా అంటారు. బట్టలుతికిన నీళ్ళు పారే చోట ఒక మల్లెపొద ఉంచుకున్నాను. అది నా ఇష్టం మీద మోసే బరువు. యుక్కా నాలుగో ఏడు నిలువెత్తు కాడ వేసి తెల్లటి గంటల్లాంటి పూలు పూసింది. జడలోకి పనికిరావు. కాయ కూడా పట్టలేదు. వాటి సొంతగడ్డ మీద ఒక చిన్న రెక్కల పురుగు పుప్పొడి మోసి గర్భం కట్టిస్తుందట, అది మన దేశంలో లేదు. ఎల్ సాల్వడార్‌లో ఒక రకం యుక్కా పువ్వే జాతీయ పుష్పం, కూర కూడా వండుకుంటారు. అది విని మా పిల్ల బజ్జీలు వేద్దామంది. నర్సరీలో ఏ మందు కొట్టారో, మనది ఏ రకమో తెలియకుండా నోట్లో పెట్టేదేముంది, వద్దన్నాను.

గులాబీ పెంచకూడదని నా వాదం కాదు. పెంచేవాళ్ళు నీళ్ళ వంతు కూడా వేసుకుంటే ఎన్నయినా పెంచుకోవచ్చు. వంతు వేసుకోని ఇంట్లో మాత్రం మొక్క బేరమాడే ముందు, ఇది పది రోజులు నేను లేకుండా బతుకుతుందా అని అడగండి. ఆ మాటకు జవాబు మొక్కల వాడికి బాగా తెలుసు.

మొన్న మేలో పన్నెండు రోజులు ఉదయగిరిలో ఉన్నాను. అమ్మకు కంటి ఆపరేషన్. చుక్కల మందు దగ్గరుండి వేసి, కట్టు విప్పాకనే వచ్చాను. యుక్కాల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. సంక్రాంతి వెళ్ళాక పిలకలు విడదీయాలి. కోసిన చోటు మూడు రోజులు నీడన ఆరితేనే నాటాలి. ఒకటి అమ్మకు ఇస్తానన్నాను. ‘పూజకు పనికొస్తుందా?’ అంది. రాదన్నాను. ‘అయితే దొడ్లో గోడ పక్కన పెట్టు’ అంది.