మా చాకుల పెట్టె

గతమాసమున నీ శీర్షికలో పాతచీరల జరీని గూర్చి వ్రాసితిమి. అది చదివిన సోదరీమణులు కొందఱు, మీ పెట్టెలో దాచుకొన్న చీరలెట్టివో చెప్పుడని యడిగిరి. మా పెట్టెలో నున్నవి చీరలు గావు, పాత మడతచాకులు. ఈ మాట వినగనే నవ్వినవా రున్నారు. "నాణెములు కూర్చువారిని జూచితిమి, తపాలాబిళ్లలు కూర్చువారిని జూచితిమి, కత్తులు కూర్చు ఇల్లాలిని నిన్నే చూచితి"నని పొరుగింటి వదినగారు నేటికిని పరిహాసమాడుదురు. ఆమెకు మేము చెప్పునది యొక్కటే. కత్తిపీట మనది, అడకత్తెర మనది, బాలింతరాలి తలగడక్రింద నుంచు చాకును మనదే. ఇంటిలో మగవారికంటె ఇనుముతో మనకే పరిచయ మెక్కువ.

మా సేకరణము పుట్టినదియు నా తలగడక్రిందనే. మా పెద్దవాడు పుట్టినపుడు మా అమ్మమ్మగారు మా తలాపున నుంచినది బొటనవ్రేలంత చాకు. పిడి గేదెకొమ్ముది. నిద్రపట్టని రాత్రులలో దానిని తెరచుటయు మూయుటయు మాకు కాలక్షేపమైనది. అలుగుమీద గోరు దూర్చుటకు చిన్న గంటు గలదు. లాగునపుడు మొదట బింకించును. సగము దాటగనే తనంతట తాను దూకి 'టక్కు'మని నిలుచును. ఆ చప్పుడు వినుటకే పదిమారులు తెరచెడివారము.

ఇందు మర యేమియు లేదు. పిడి వెన్నున నొక యుక్కుపట్టీ బిగువుగా నుండును. అలుగు మొదటిభాగమును చదరముగా మలచుదురు. పట్టీ ఆ చదరపు ముఖముపై నొత్తి యుండుటచే, తెరచిన చాకు తెరచినట్లు, మూసిన చాకు మూసినట్లు నిలుచును. నడుమనున్నంతసేపే మూల పైకి తిరిగి పట్టీని లేపును; చేతికి తెలియు బింక మదియే. పాతచాకు కొనునపుడు మేము మొదట చూచునది ఈ చప్పుడు. తరువాత, తెరచిన యలుగును ప్రక్కలకు కదపి చూతుము. వదులుగా నూగినచో మేకు అరిగినదన్నమాట. మూసినపుడు కొన పిడిలో మునుగవలెను. పైకి తేలినచో పిల్లలున్న ఇంటికి పనికిరాదు.

కరీంనగరపు టవర్ సర్కిలు చుట్టునున్న వీధులలో పాతసామాను తూకమునకు కొనువారివద్ద మాకు నాలుగు దొరకినవి. పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా జాతరకు పోయినపుడు నొకటి కొంటిమి. అది కమ్మరి చేసినది. బండి కమానుపట్టీని సాగగొట్టి అలుగు చేసెను; వెన్నుపట్టీ లేదు, బొటనవ్రేలితో నదిమి పట్టుకొనవలెను. మోటుదే, కాని మామిడికాయ దానికి లొంగినట్లు మఱి దేనికిని లొంగదు.

కలంతరాష్ అనబడు కలపుచాకు వేఱుజాతి. నిజాము రాజ్యమున ఉర్దూ లెక్కలు వ్రాయువారు రెల్లుకలమును చెక్కుకొనుటకు దీనిని దగ్గఱ నుంచుకొనెడివారు. సీమవారు పక్షియీకను కలముగా చెక్కుకొనుటకు వాడినదియు నిట్టి చిన్నచాకే. లోహపుపాళీలు వచ్చి కలము చెక్కు పని పోయినను, ఇంగ్లీషువారు చిన్న మడతచాకును నేటికిని కలపుకత్తి యనియే పిలుచుచున్నారు.

సీమచాకులలో షెఫీల్డు పట్టణపువాని పేరు జగద్విదితము. అందు జోసెఫ్ రాడ్జర్సు వారి నక్షత్రము, శిలువ ముద్ర మన దేశమున నెఱుగనివారు తక్కువ. ఆ ముద్ర 1682లో మంజూరైనది. అయితే షెఫీల్డు పేరు విని మనము చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మట్టిమూసలలో నినుమును కరగించి, నెమ్మదిగా చల్లార్చి, ఉక్కుగడ్డలు తీసెడివారు. పారసీక వర్తకులు వచ్చి వానిని కొనిపోయెడివారు. డమాస్కసు కత్తులని లోకము పొగడిన యలుగులకు ఇట్టి యుక్కే మూలము. కార్బను పాలు మిక్కిలిగా నుండుటచే ఆ యలుగులపై నీటియలలవంటి రేఖలు దేలును. వాయిసీ యను దొర కోనసముద్రపు పనిని చూచి వ్రాసినది 1832లో అచ్చయినది. మన మెట్‌పల్లి ప్రాంతపు టినుము అచటికి పోయెడిదని యందు గలదు. నేటికిని జగిత్యాల, నిర్మల జిల్లాల గ్రామములలో చిట్టెపురాళ్ల దిబ్బలు కానవచ్చును. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు పండితులు గలసి యీ దిబ్బలను వెదకి నమోదు చేసిరి. పిల్లలు వానిపై నెక్కి గాలిపటము లెగురవేయుదురు. తాతలనాటి కొలుముల బూడిద అదియేయని వారికి చెప్పువారు లేరు.

మాకు మిక్కిలి ప్రియమైన సంగతి మఱియొకటి. 1794లో బొంబాయినుండి మన దేశపుటుక్కు కొంత లండను రాయల్ సొసైటీకి పంపబడెను. దానిని పరీక్షించి పియర్సను అను వైద్యుడు మఱుసటియేట వ్యాసము ప్రకటించెను. ఆ పరీక్షలో స్టోడార్టు అను కత్తిపనివాడు ఆ యుక్కుతో చేసిన దేమనుకొన్నారు? కత్తి గాదు, కఠారి గాదు, కలము చెక్కు చిన్నచాకు! వాడిలో నది మేలైన సీమచాకుకు తీసిపోలేదట. తరువాత 1820 ప్రాంతమున నదే స్టోడార్టు ఫారడేతో గలసి యీ యుక్కు రహస్యమునకై ప్రయోగములు చేసెను.

ఇంత తెలిసియు మేము చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది.

మా మామగారి తండ్రిగారు పట్వారీ. 1984లో ఆ యుద్యోగములు రద్దగువఱకు లెక్కలు వ్రాసినవారు. వారి చాకు షెఫీల్డుది, రెండలుగులది. ఏండ్లతరబడి రాతిపై నూరుటచే పెద్దయలుగు సగమై యుండెను. అరుగని చాకులకే వెల యెక్కువని బేరగాండ్రందురు. మాకు మాత్రము అరిగినవే యిష్టము. నిరుడు ఉగాదికి ముందు సానవాడు వీధిలో కేకవేయగా, కత్తిపీటతోబాటు నా చాకునుగూడ నిచ్చితిమి. మామగారికి చూపు మందగించినది. మెఱపైనను కనబడి సంతోషింతురని మా తలంపు. కరెంటుచక్రముపై రవ్వలు లేచినవి. మూడునిముషములలో అద్దమువంటి యలుగు మా చేతికి వచ్చెను.

మామగారు దానిని పుచ్చుకొని, ముద్రయుండు చోట బొటనవ్రేలితో తడవి చూచిరి. ముద్ర లేదు. "ఇది మా బాపుది కాదు బిడ్డా. ఆయన మార్చి ఇచ్చిండు, అడుగు" అనిరి.

అది కాదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. రెండుదినములు ఊరకుంటిమి. మూడవనాడు సానవాని కేక మరల వినబడగా మామగారు కఱ్ఱ పుచ్చుకొని లేచిరి. పొట్టకూటికై తిరుగు నతనిపై దొంగతనము పడబోవుచున్నది. అప్పుడు, ఇచ్చినది మేమే, నునుపుచేయుమన్నదియు మేమేయని చెప్పితిమి. వారేమియు ననలేదు. చాకు మూసి మా యరచేతిలో పెట్టి లోపలికి పోయిరి. తిట్టినచో బాగుండెడిది.

కావున, చెల్లెండ్రారా, పాతచాకును చక్రమున కీయకుడు. వేడికి ఉక్కు నీలివన్నె దేరెనా, పదను చెడినదన్నమాట. మా చాకు కొనకు నా నీలిచార నేటికిని గలదు. నీళ్లతో తడిపిన రాతిపై నెమ్మదిగా నూరుకొనవలెను. చింతపండు, నిమ్మపండు తగిలి నల్లబడిన మచ్చను బూడిదతో తోమనక్కరలేదు. అది త్రుప్పుగాదు, అలుగు వయస్సు. ఎఱ్ఱని త్రుప్పును మాత్రము నూనెగుడ్డతో తుడువుడు. కొబ్బరినూనె మేకువద్ద జిగటగట్టును, కుట్టుమిషను నూనె మేలు. తోలుసంచిలో నెలలతరబడి యుంచరాదు, చెమ్మ పట్టును. సెల్యులాయిడు పిడిగలవానిని వేఱుపెట్టెలో నుంచుడు. అది పాతబడి చెడునపుడు లేచు ఆవిరి ప్రక్కనున్న యలుగులను తినివేయును. కణుజుకొమ్ము పిడులు చూడ ముచ్చటగా నుండును గాని, 1972 నాటి వన్యప్రాణి చట్టము కణుజును కాపాడుచున్నది. వాని బేరములోనికి మేము దిగము. విమానమెక్కునపుడు చేతిసంచి వెదకుకొనుటయు మఱవరాదు. మా మరది యొక మంచి చాకు నట్లు పోగొట్టెను.

పట్వారీగారి చాకులో చిన్నయలుగును సాన తాకలేదు. ఈ మధ్య మామగారు మధ్యాహ్నవేళ పెట్టె తెమ్మనుచున్నారు. పెద్దదాని జోలికి పోరు. చిన్నదానిని గోటితో తెరచి, ఆ 'టక్కు' విని, "ఇది బాపుదే" యని మాకు తిరిగి యిత్తురు. నెలకొక చుక్క నూనె వేయుచున్నాము.