మారిందా, మార్చారా?

ఆరాంఘర్ దాటి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాద్ పోయే దారిలో తగిలే ఊరు సాతంరాయి. ఈ రోడ్డు పక్క ఊళ్లలో ఎవర్ని కదిలించినా ఒక మాట వినబడుతుంది: "అంతా మారిపోయింది." పొలం పోయిందని దిగులుగా అనేవాళ్లూ ఉన్నారు, ప్లాటుకు మంచి రేటు పలికిందని సంబరంగా అనేవాళ్లూ ఉన్నారు. మాట మాత్రం అదే. నా పేచీ ఆ మాటతోనే.

తెలుగులో మారడం వేరు, మార్చడం వేరు. రుతువు మారుతుంది, పిల్లవాడి గొంతు మారుతుంది. ఎవరు చేశారని అక్కడ అడగం. తాళం మార్చామంటే చెయ్యి పెట్టినవాడు ఒకడు ఉండాల్సిందే. అవసరమైనప్పుడు రెండోదాన్ని దాచి మొదటిదాన్ని వాడుకోవడం మనకు బాగా అలవాటైంది. నాయకుడు పార్టీ మారాడంటాం, అదేదో ఆయనకు రాత్రికి రాత్రి జలుబు చేసినట్టు. ఇంకాస్త మర్యాదగా చెప్పాల్సొస్తే ఆఫీసు తెలుగు ఉండనే ఉంది: "మార్చబడినది." చేసినవాడు ఉన్నాడని ఒప్పుకుంటూనే పేరు మింగేసే వాక్యం అది. సర్కారు నోటీసుల్లో అంతగా వెలిగిపోయే వ్యాకరణం ఇంకోటి లేదు.

శంషాబాద్‌లో ఇది ఉత్త వ్యాకరణం ముచ్చట కాదు. విమానాశ్రయం దాదాపు 5,495 ఎకరాల్లో కట్టారు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇటొచ్చాయి. అంత నేల సేకరించడానికి నోటీసులు పుట్టాయి, సంతకాలు పడ్డాయి, ధరలు కట్టారు. ఆ తర్వాత చుట్టుపక్కల భూమి కొలతే వేరైంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. లెక్క పాతదే. కానీ రైతు నోట గుంటల్లో ఉన్న చెల్క, బ్రోకరు నోటికొచ్చేసరికి గజాలైపోతుంది. అక్కడి నుంచి మారుబేరం మొదలు. కొన్నవాడు దున్నడు, కట్టడు, ఇంకొకడికి అమ్ముతాడు.

ఈ బేరాల్లో తప్పకుండా అడిగే ప్రశ్న "నాలా అయిందా?" అని. నగరంలో నాలా అంటే మురుగు, వాన నీళ్లు పోయే కాలువ. కొత్తగా వచ్చినవాడికి తన ప్లాటుకు నాలా ఉందంటే గుండె గుభేలుమంటుంది. ఇక్కడి నాలా 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాల మూట. 2006లో సాగు భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చడానికి వేరే చట్టం వచ్చి పాతదాన్ని రద్దు చేసింది. చట్టం పోయింది, మూట మిగిలింది. ఇప్పటికీ "నాలా కన్వర్షన్" అనే అంటారు.

నాకు ఆ మార్పిడి కాగితం మీద ఒక గౌరవం. అడిగింది ఎవరు, ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణం, రుసుము ఎంత, ఉత్తర్వు ఇచ్చిన అధికారి ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. "మారిపోయింది" అనే మాటలో ఇవేవీ ఉండవు. ఆ మార్పిడి మంచిదా చెడ్డదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. కనీసం కొట్లాడటానికి ఒక పేరైనా దొరుకుతుంది.

111 జీవో సంగతీ అంతే. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో వాటిని తీసేశారు. జనం మాత్రం "జీవో పోయింది" అన్నారు, జేబులోంచి జారిపోయినట్టు. పోలేదు. తీసేశారు. పెట్టినవాళ్లు, తీసినవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. వాళ్లను పొగడాలన్నా తిట్టాలన్నా ముందు క్రియాపదం సరిగ్గా ఉండాలి.

ఇక గగన్‌పహాడ్ అప్ప చెరువు. 2020 అక్టోబరు వానలకు "చెరువు తెగింది" అన్నాం. నీళ్లు బెంగుళూరు హైవే మీద పడి వాహనాల్ని ఊడ్చుకుపోయాయి, మనుషులు చనిపోయారు. వాన కురవడం ఎవరి చేతుల్లోనూ లేదు, నిజమే. కానీ చెరువు జాగాలో షెడ్లు వాటంతటవి మొలవవు. 2024 ఆగస్టు చివర్లో చెరువుల కబ్జాలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా అక్కడి ఆక్రమణల్ని కూల్చింది. ఆ వార్తల్లో కూల్చినవాళ్ల పేరు మొదటి వాక్యంలోనే కనబడింది. హైడ్రా కర్తగా నిలబడింది, బాధ్యత తీసుకుంది, తిట్లూ మెచ్చుకోళ్లూ రెండూ మోసింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే జాగాలో, మట్టి పోసిందెవరు, కరెంటు మీటరు బిగించిందెవరు, ఇంటి నంబరు ఇచ్చిందెవరు అని అడిగితే మళ్లీ పాత జవాబే: చెరువు కబ్జా "అయింది". శిఖానికి మార్పిడి ఉత్తర్వు దొరకదు కాబట్టి ఆ పనికి సంతకం పెట్టిన అధికారి ఉండడు. మీటరుకూ ఇంటి నంబరుకూ మాత్రం దరఖాస్తులుంటాయి, వాటి మీద సంతకాలూ ఉంటాయి. వెతకాల్సింది అక్కడ.