యూనిఫాం విప్పితే పనితనం పోతుందా?

ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు ఇంజను ఫిట్టరుగా చేసి వాడకు తిరిగొచ్చిన మన అన్నను ఎవరైనా అడిగారా, ఇప్పుడేం చేస్తున్నావని? అడిగితే జవాబు చాలాసార్లు ఒకటే. బ్యాంకు గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడుతున్నాడు. కాస్త ముందుచూపున్నోడైతే పరీక్ష రాసి అదే బ్యాంకులో గుమస్తా అయ్యాడు. పెన్షనొస్తోంది, జీతమొస్తోంది, ఇంకేం కావాలయ్యా అంటారు. కావాలి. గేటు కాయడం తక్కువ పనని కాదు. ఏ పనీ తక్కువది కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ జెట్ ఇంజను విప్పి బిగించిన చేతిని తెచ్చి గేటు దగ్గర నిలబెట్టడం ఏ లెక్కన న్యాయం? ఆ పనితనాన్ని ఎవరు ఊడలాక్కున్నారు?

ఆ పని ఎట్లాంటిదో ముందు తెలుసుకోవాలి. మిగ్-21 విమానం 1963లో వచ్చి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. దాన్ని నడిపిన పైలట్ల గురించి పేపర్లు పేజీలకు పేజీలు రాశాయి. మంచిదే. దాని ఇంజను కింద వీపు ఆనించి పడుకున్నోడి గురించి ఎన్ని రాశాయి? మన విశాఖ నుంచి అరకు మీదుగా పోతే వచ్చే కోరాపుట్ జిల్లా సునాబెడలో హెచ్ఏఎల్ తయారుచేసిన ఇంజన్లు అవి. తాంబరంలో ట్రేడు నేర్చుకున్న కుర్రాడు స్క్వాడ్రన్‌లో వాటిని సాకాడు. బోరోస్కోపు లోపలికి పంపి బ్లేడు అంచున వెంట్రుకంత పగులుందేమో వెతకాలి. ఆయిల్లో లోహపు రజను కనబడితే ఏ బేరింగు అరుగుతోందో పట్టుకోవాలి. నట్టు బిగించి లాకింగ్ వైరు వెయ్యాలి. సాయంత్రం ఒక్క స్పానరు లెక్కకు రాకపోయినా విమానం కదలకూడదు.

చేసిన ప్రతి పనికీ ఫారం 700 అనే పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే పైలట్ ఎక్కేది. మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో పుట్టినోడి సంతకాన్ని నమ్మి ఏ కులపోడైనా ఆకాశంలోకి పోవాల్సిందే. ఊళ్లో వీడి చేతి నీళ్లు తాగనోళ్ల కొడుకులు వీడి చేతి మీద ప్రాణం పెట్టి ఎగిరారు! అయితే ఆ పుస్తకం విమానం దగ్గరే ఉండిపోద్ది. మనిషి డిశ్చార్జి బుక్కు పట్టుకుని రైలెక్కుతాడు. అప్పటికి వాడి వయసు నలభై లోపు. పిల్లలు ఇంకా స్కూల్లోనే ఉంటారు.

ఇక బయటి సంగతి. ప్రయాణికుల విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్సు కావాలి. ఇంజను పనోడికి అది బి1 తరగతి. మాడ్యూళ్లవారీగా పరీక్షలు రాయాలి, అనుభవాన్ని కాయితాలతో రుజువు చెయ్యాలి, ఆ తర్వాత ఏ రకం విమానం మీద పనిచేస్తాడో దానికి వేరే టైప్ కోర్సు చెయ్యాలి. సైన్యంలో చేసిన పనిని నిబంధనలు కాదనవు గానీ పౌర విమానాల మీద కూడా కొంతకాలం చేసి చూపించమంటాయి. అది తప్పని నేననను. యుద్ధ విమానం ఇంజను కొన్ని వందల గంటలకే ఓవర్‌హాల్‌కు దిగుతుంది. ప్రయాణికుల విమానం ఇంజను వేల గంటలు రెక్క మీదే ఉంటుంది. మాన్యువల్ వేరు, టాస్క్ కార్డు వేరు. నేర్చుకోవాల్సిందే. కాకపోతే మనవాడు నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఆ కాయితం. యంత్రం వాడికి కొత్తది కాదు.

ఆ కాయితం నేర్చుకోవడానికి డబ్బెక్కడిది? టైప్ కోర్సంటే లక్షల్లో ఖర్చు. భూమి ఉన్నోడు ఎకరం అమ్మి కడతాడు. మనకు అమ్ముకోడానికి ఏముంది? రిటైరైనప్పుడొచ్చిన డబ్బు అప్పటికే చెల్లెలి పెళ్లికో ఇంటి స్లాబుకో పోయి ఉంటుంది. నేనెరిగిన ఒకాయన అన్నీ చూసుకుని ఒక ప్రైవేటు కంపెనీకి ఇంటర్వ్యూకు పోయాడు. ఇంజను గురించి రెండు ప్రశ్నలడిగారంట. ఇంటిపేరు గురించీ, ఊళ్లో ఏ వైపు ఉంటారనీ నాలుగు అడిగారంట. ఆయన ఇప్పుడు గేటు దగ్గరే ఉన్నాడు.

ఇంకో విచిత్రం వినండి. పది పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవాణ్ణి కేంద్ర సర్కారు గ్రూప్-సి ఉద్యోగాలకు డిగ్రీ చదివినవాడితో సమానంగా లెక్కేస్తుంది. బానే ఉంది గదా అనుకుంటాం. కానీ అది సాంకేతిక అనుభవం అవసరంలేని పోస్టులకే! అంటే వాడికి రాని గుమస్తా పనికి అర్హుడు, వచ్చిన ఇంజను పనికి మళ్లీ మొదటి తరగతి.

మెరిట్ మెరిట్ అని గొంతు చించుకునే పెద్దలు ఒక సంగతి మరచిపోతారు. సైన్యంలో చేరడానికి ఎస్సీలకు రిజర్వేషన్ లేదు. అక్కడికి పోయిన మన పిల్లలు ఓపెన్‌లో నెగ్గి పోయినోళ్లే. బయటికొచ్చాక మాజీ సైనికులకు కేంద్రంలో గ్రూప్-సి పోస్టుల్లో నూటికి 10 ఉన్నాయి. ఆ కోటా అన్ని కులాల మీదుగా అడ్డంగా కోసేది. దళిత మాజీ సైనికుడు వచ్చాడంటే చాలు, మార్కులెన్ని ఉన్నా ఎస్సీ గడిలోకి నెట్టి ఓపెన్ గడి పైకులాలకు దాచిపెట్టే అలవాటు ఆఫీసుల్లో ఉంది. 2020 డిసెంబర్‌లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఓపెన్ అంటే ఏ కులానికీ రిజర్వు చేసింది కాదని, అందరిదీ అని తేల్చి చెప్పింది. అది ఉత్తరప్రదేశ్ పోలీసు ఉద్యోగాల్లో మహిళల కోటా కేసు. సూత్రం మాత్రం ఇలా అడ్డంగా కోసే కోటాలన్నిటిదీ. ఆ తీర్పు కాపీ ప్రతి మాజీ సైనికుడి సంచిలో ఉండాలి.

యూనిఫాం విప్పిన దళితుడి గతి మనకు కొత్తగా తెలిసింది కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో పాఠం చెప్పినవాడు. రిటైరయ్యాక సతారా వైపు కోరెగావ్‌లో క్యాషియరుగా చేరాడు. 1901లో తండ్రిని చూడ్డానికి పిల్లలు రైలు దిగితే, మహర్లని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుపోయారు. సుబేదారు కొడుకులు! పట్టాలు, పతకాలు ఊరి పొలిమేర దాటి లోపలికి రావని ఆ పిల్లవాడికి అప్పుడే తెలిసింది.

ఆ పిల్లవాడే 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తుంటే లక్షలమంది సైనికులు ఇళ్లకు తిరిగి రావాల్సి వచ్చింది. ఆయన చూసే లేబర్ శాఖ కిందే 1945 జులైలో రీసెటిల్‌మెంట్, ఎంప్లాయిమెంట్ డైరెక్టరేట్ పుట్టింది. వాళ్లకు పౌర జీవితంలో పని చూపించే బాధ్యత సర్కారుదే అన్నారు. మనం కార్డు రాయించుకోడానికి క్యూ కట్టిన ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి అసలు ఆ సైనికుల కోసం మొదలైందే. తర్వాతే అందరికీ తలుపు తీసింది. ఆ మాట ఇవాళ ఏ మంత్రికీ గుర్తులేదు.

ఇవాళ పని లేదా అంటే, ఉంది. మన ఇంటి ముందే ఉంది. 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం మొదలైంది. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్లంట, వెయ్యిమందికి పైగా ఇంజనీర్లు, టెక్నీషియన్లంట. చూశారా తేదీ? సరిగ్గా రాజ్యాంగ దినం. ఇంజను షాపులో ఇంకో వెసులుబాటు ఉంది. అక్కడ సంతకానికి సర్కారు లైసెన్సుకంటే కంపెనీ ఇచ్చే అథరైజేషన్ ముఖ్యం. మన ఫిట్టరు నేరుగా అడుగుపెట్టగల చోటు అది. కానీ ఆ ముద్ర ఎవరి చేతికివ్వాలో కంపెనీ ఇష్టం. ప్రైవేటులో రిజర్వేషన్ చట్టం లేదు. ఆ విమానాశ్రయం నిలబడింది మాత్రం సర్కారు లీజుకిచ్చిన దాదాపు 5,500 ఎకరాల మీద. భూమి ప్రజలది, ఉద్యోగం వాళ్లిష్టం! ఎయిరిండియా ప్రభుత్వానిదిగా ఉన్నన్నాళ్లూ అందులో మనకు వాటా ఉండేది. 2022 జనవరి 27న టాటాలకు అప్పజెప్పారు. విమానాలతోపాటు మన వాటా కూడా అమ్ముడుపోయింది.

2022లోనే అగ్నిపథ్ తెచ్చారు. ఇరవై ఏళ్ల ఇంజను ఫిట్టరుకే దిక్కులేకపోతే నాలుగేళ్లోడి సంగతేంది? నూటికి 25 మందిని ఉంచుకుంటారు, మిగతా 75 మంది సుమారు 11 లక్షల 70 వేలు పట్టుకుని ఇంటికి. పెన్షన్ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. నాలుగేళ్లలో ఇంజను మీద చెయ్యి కుదిరేదెప్పుడు? ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో పిల్లలు రైళ్ల మీద పడ్డారని తిట్టినోళ్లు, పోలీసు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడి తల్లికి ఏం జవాబు చెప్పారు?

మనం అడగాల్సింది దయ కాదు. ట్రేడులో చేసిన ప్రతి పనీ డీజీసీఏ ఒప్పుకునే లాగ్‌బుక్కులోకి ఎక్కించి, ధ్రువీకరించి, డిశ్చార్జి రోజే చేతికివ్వాలి. పరీక్ష ఫీజు, టైప్ కోర్సు ఖర్చు ఎస్సీ నిధుల నుంచి కట్టాలి. ఆంధ్రలో 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం ఉంది, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ డబ్బు మన పేరు మీదే ఉంది గదా, మన చేతికి రావడానికేం? సర్కారు భూమిలో నడిచే ప్రతి ఇంజను షాపులోనూ మన వాటా కాయితం మీద రాసి ఉండాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, మీరు ఆఖరి సంవత్సరం దాకా ఆగొద్దు. అనుమతి అడిగి మాడ్యూళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి. ఏ రోజు ఏ ఇంజను మీద ఏ పని చేశారో ధ్రువీకరణ ఇవ్వమని పైవాళ్లను రాతపూర్వకంగా కోరండి. బయటికొచ్చిన అన్నలు ఈసారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయినప్పుడు సెక్యూరిటీ గార్డు లిస్టులో పేరు రాయించుకునే ముందు ఇంజను పనులేమున్నాయని అడగండి. లేవంటే ఆ మాటే కాయితం మీద రాసివ్వమనండి. అన్ని జిల్లాల కాయితాలూ పోగుచేసి సాంఘిక సంక్షేమ శాఖ బల్ల మీద పెడదాం.