ఎవరి కొలబద్దతో ఈ మార్కులు?

మా అన్నయ్య కొడుకు సెలవులకొచ్చి తన నింటెండో స్విచ్‌ని నా చేతిలో పెట్టాడు. "అత్తా, పుస్తకాలకి సమీక్షలు రాస్తావుగా, వీటికీ మార్కులెయ్యి" అన్నాడు. ఒకటి పాత ఆటకి పునర్నిర్మాణం, ఒకటి కొత్తది. సాహిత్యంలో డాక్టరేట్ చేసి ఈ పిల్లచేష్టలేమిటని ఇంట్లో నవ్వారు. మన సాహిత్య విమర్శకుల నవ్వూ అదే. ఆ నవ్వుకే నా జవాబు.

పాతది 'పేపర్ మారియో: ది థౌజండ్ ఇయర్ డోర్'. 2004లో వచ్చింది, 2024లో స్విచ్ కోసం మళ్లీ తయారుచేశారు. అప్పట్లో సెకనుకి 60 ఫ్రేములుండేవి, ఇప్పుడు 30. ఈ లెక్క మీద ఎంత రభసో! నన్ను ఆపింది ఫ్రేములు కాదు, వివియన్. ముగ్గురు నీడ సోదరీమణుల్లో చిన్నది. 2004 జపనీస్ మూలంలో ఆమె ట్రాన్స్ స్త్రీ. తనని తాను చెల్లెలనుకుంటుంది, పెద్దక్క మాత్రం "నువ్వు మగాడివి" అని హేళన చేస్తుంది. అప్పటి ఇంగ్లీషు అనువాదం ఆ విషయాన్నే చెరిపేసింది. 2024 ఇంగ్లీషు పాఠంలో, తాను వాళ్లకి తమ్ముణ్ణి కాదు, చెల్లెల్నని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టిందని వివియనే చెబుతుంది.

దీన్ని చూసి "ఇప్పటి భావజాలాన్ని చొప్పించారు" అన్నవాళ్లున్నారు. చొప్పించలేదు బాబూ, కత్తిరించింది తిరిగి అతికించారు! అచ్చులో కోతపడ్డ ముద్దుపళని 'రాధికా సాంత్వనం' పూర్తి పాఠాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురించినప్పుడూ గగ్గోలు పుట్టింది. ఆ పుస్తకానికి మనం కాగితం నాణ్యత చూసి మార్కులేశామా? ఏ పాఠంలో ఏం పోయింది, ఎవరు తీశారు అని అడిగాం. పునర్నిర్మించిన ఆటని అడగాల్సిందీ అదే.

ఇక కొత్తది, 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఎకోస్ ఆఫ్ విజ్డమ్'. 1986 నుంచీ ఈ వరుస ఆటలన్నిటికీ జెల్డా పేరే. అయినా రక్షించబడడమే చాలావరకు ఆమె పని. ప్రధాన వరుసలో తానే నాయికగా ఒక ఆటంతా నడిపించడానికి 2024 దాకా, అంటే 38 ఏళ్లు ఆగాలి. దర్శకుల్లో ఒకరు తొమోమి సానో. ఈ వరుసకి దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ ఆమె.

ఇందులో జెల్డా మంత్రదండంతో వస్తువులకి నకళ్లు పుట్టిస్తుంది. మంచాలు వరసగా పేర్చి వాగు దాటుతుంది. తాను ఓడించిన రాక్షసుల నకళ్లనే తన తరఫున పోరాడిస్తుంది. "పోరు మందకొడిగా ఉంది" అని కొందరు సమీక్షకులు పెదవి విరిచారు. కత్తి దూయకపోతే అది పోరాటం కాదా? ఇంట్లో ఉన్న సామానుతోనే దారి వేసుకోవడం మన అమ్మమ్మలకి కొత్తా? ఆటలో లోపాల్లేవని కాదు. పొడుగాటి పట్టీలో కావలసిన నకలు వెతుక్కోవడం నిజంగా విసుగే. పైగా నిర్మాతలకీ కత్తి మీద మోజు తీరలేదు. కాసేపు వీరుడి రూపమిచ్చి ఆమె చేతిలోనూ కత్తి పెట్టారు. ఈ రెంటికీ నేనూ మార్కులు తగ్గిస్తాను. కానీ మగవీరుడి వేగాన్ని కొలబద్ద చేసి ఆమె తెలివికి మార్కులు కోస్తే ఒప్పుకోను.

సినిమా పాటల్నీ సీరియళ్లనీ చీల్చి చెండాడిన మనం, పిల్లలు గంటలకొద్దీ మునిగే ఈ కథల్ని మాత్రం చదవకుండానే కొట్టిపారేస్తున్నాం. మనం ఖాళీ వదిలిన చోట ఫ్రేములు లెక్కపెట్టేవాళ్లు కూర్చున్నారు. మా మేనల్లుడు అసలా ఆటనే ముట్టలేదు, "అది ఆడపిల్లల ఆటత్తా" అన్నాడు. పదకొండేళ్లవాడికి ఆ మాట ఎవరు నేర్పారు? మనం నోరు మూసుకున్నన్నాళ్లూ వాడు వినేది వాళ్ల మాటే.