బిడ్డ యేడ్పు – తల్లి యోర్పు

మాటలురాని బిడ్డ నేలబడి యేడ్చినపుడు మొండితనమని కొట్టుట తగదు. ఏడ్పునకు ముందేమి జరిగెను, పిదప బిడ్డకేమి దొరకెను అని గమనించి, కోరినదానిని సైగతోనో మాటతోనో అడుగ నేర్పినచో నట్టి యేడ్పు తగ్గునని 1985లో కార్, డ్యూరాండ్ అను అమెరికా పండితులు చూపిరి. ఇది అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణమను శాస్త్రములోనిది.

ఈ శాస్త్రమున యోగ్యతాపత్రము లొసగు అమెరికా మండలి 2023 జనవరి 1 నుండి మన దేశవాసుల క్రొత్త దరఖాస్తులను గైకొనుట మానినది. కావున తిరుపతి, చిత్తూరు సోదరీమణులు విదేశపు బిరుదును జూచి మురియక, నేర్పువారి పేరు భారత పునరావాస మండలిలో నమోదైనదా యని విచారింపవలెను. తల్లిని లోనికి రానీయని చోట బిడ్డను విడువవలదని మేము మనవి చేయుచున్నాము. అచట నేర్చిన సైగ యింట తల్లి యెరుగకున్న నిలుచుటెట్లు?